ఫ్లాష్ ఉండాల్సింది ట్యాంకు మీద, కెమెరా మీద కాదు: అక్వేరియం చేపల ఫోటోలు ఎలా తీయాలి

ట్యాంకు ఎదురుగా నిలబడి కెమెరా ఫ్లాష్ కొడితే ఏమొస్తుందో తెలిసిందే. అద్దం మధ్యలో ఓ తెల్లటి మచ్చ, దాని చుట్టూ మీ చేతులూ చొక్కా, వెనకెక్కడో మసగ్గా చేప. ఫ్లాష్ ఆపేస్తే మచ్చ పోతుంది గానీ చేప సాగిపోయి వస్తుంది. రెండింటికీ కారణం ఒక్కటే, వెలుగు రావాల్సిన చోటు నుంచి రావడం లేదు. దాన్ని లెన్స్ దగ్గర్నుంచి తీసి ట్యాంకు పైకి ఎక్కించండి. సగం పని అక్కడే అయిపోతుంది. మిగతా సగం శుభ్రమైన నీళ్లు, శుభ్రమైన అద్దం, ఓపిక.

అద్దానికి వెలుగు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో అవతలికి తిరిగిపోతుంది. ఫ్లాష్ కెమెరా నెత్తి మీదే ఉండి, లెన్స్ అద్దానికి సూటిగా ఉంటే ఆ వెలుగంతా తిరిగి లెన్స్‌లోకే వస్తుంది. పైనుంచి నీళ్లలోకి దిగిన వెలుగు అలా కాదు. ముందు చేప మీద పడుతుంది, చేప మీద నుంచే కెమెరాకి వస్తుంది. చెరువులోనైనా కాలవలోనైనా చేపకు ఎండ పడేది పైనుంచే కాబట్టి ఒంటి రంగులు కూడా అలాంటి వెలుగులోనే నిజంగా కనిపిస్తాయి.

ఏమేం కావాలి

మాన్యువల్ మోడ్, ఫ్లాష్ తగిలించే హాట్ షూ ఉన్న కెమెరా ఏదైనా పనికొస్తుంది, పాతదైనా సరే. లెన్స్ సంగతి చేప సైజును బట్టి చూసుకోండి. ఏంజెల్, గోల్డ్ ఫిష్, ఆస్కార్ లాంటి వాటికి కెమెరాతో వచ్చే 18–55 కిట్ లెన్స్ చాలు. గప్పీ, నియాన్ టెట్రా, చెర్రీ రొయ్యలు తీయాలంటే 90 నుంచి 105 మి.మీ. మాక్రో లెన్స్ ఉండాలి. అంత ఖర్చు వద్దనుకుంటే ఉన్న లెన్స్‌కే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే బోలు గొట్టం) తగిలించుకోండి. కొంత వెలుగు తగ్గుతుంది, ఫ్లాష్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఫ్లాష్ ఆటోమేటిక్‌ది అక్కర్లేదు. పవర్‌ని చేత్తో 1/1 నుంచి 1/128 దాకా మార్చుకునే వీలుంటే చాలు. గోడాక్స్ టీటీ600 తరహా ఫ్లాష్, దానికి జతగా మీ కెమెరా కంపెనీకి సరిపోయే రేడియో ట్రిగ్గర్ (హాట్ షూ మీద కూర్చుని, దూరంగా ఉన్న ఫ్లాష్‌ని వైరు లేకుండా వెలిగించేది) ఒకటి. ట్రిగ్గర్ కొనేటప్పుడు కానన్‌దా, నికాన్‌దా, సోనీదా అన్నది చూసి మరీ తీసుకోండి, ఒకదానిది ఇంకోదానికి సరిగా పనిచేయదు. సెల్స్ మామూలువి కాకుండా చార్జింగ్ పెట్టుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్‌వి నాలుగు కొనండి. వాటితో ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య ఫ్లాష్ త్వరగా సిద్ధమవుతుంది.

చిల్లర సామాను: రబ్బరు లెన్స్ హుడ్, రెండు నల్ల చార్టులు, నల్ల గుడ్డ, ట్రేసింగ్ పేపరు, తెల్ల థర్మాకోల్ షీటు, ట్యాంకు మీద మూతలా పరిచేందుకు గాజు కొట్లో కోయించిన 5 మి.మీ. పలక. పలక అంచులు అరగదీయించడం మర్చిపోవద్దు, లేకపోతే చెయ్యి కోసుకుంటుంది.

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపో పెదవాల్తేరు వైపో ఉండేవాళ్లకి ఇంకో మాట. ఉప్పు గాలికి ఫ్లాష్ అడుగున ఉండే లోహపు కాళ్లూ సెల్స్ తగిలే స్ప్రింగులూ త్వరగా పాడవుతాయి. పవర్ ఉండి కూడా ఫ్లాష్ ఒకసారి వెలిగి ఒకసారి వెలక్కపోతే ముందు అనుమానించాల్సింది వాటినే. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. పని లేనప్పుడు సెల్స్ బయటికి తీసి, ఫ్లాష్‌ని సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి.

ముందు రోజు చేయాల్సినవి

ఫోటోలో కనిపించే తెల్ల చుక్కలు ఎడిటింగ్‌లో ఒక్కొక్కటీ చెరుపుతూ కూర్చోవడం కంటే నీళ్లు ముందే బాగు చేసుకోవడం చాలా సులువు. నీళ్లలో తేలే ప్రతి నలుసూ ఫ్లాష్ తగలగానే తెల్లగా వెలుగుతుంది.

ముందు రోజు పాతిక శాతం నీళ్లు మార్చండి. అడుగున చెత్తని పైపుతో లాగేయండి. జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయే మందు వేయాలి, లేదా బకెట్లో పట్టి ఒక రోజు అలా వదిలేయాలి. ఈ పని ఫోటో తీసే రోజే పెట్టుకోవద్దు. కొత్త నీళ్లలో కరిగి ఉన్న గాలి సన్నటి బుడగలై అద్దానికీ ఆకులకీ చివరికి చేప రెక్కలకీ అంటుకుంటుంది. కంటికి పెద్దగా ఆనవు గానీ ఫోటోలో ఆవాలు చల్లినట్టు కనిపిస్తాయి.

అద్దం లోపలివైపు నాచు గీకండి. గీకుడు బ్లేడు కింద ఇసుక రేణువు ఇరుక్కుంటే అద్దం మీద గీత పడుతుంది, అందుకే ఇసుకకి రెండు వేళ్ల ఎత్తున ఆపేయడం మంచిది. బయటివైపు తడిగుడ్డతో ఒకసారి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒకసారి తుడవండి. ఆ తర్వాత గదిలో లైటు ఆపి, టార్చిని అద్దానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేసి చూడండి. గీతలూ వేలిముద్రలూ ఉప్పు మరకలూ అన్నీ బయటపడతాయి. గీతలు లేని చోటేదో గుర్తు పెట్టుకోండి, రేపు మీ లెన్స్ అక్కడే ఉంటుంది.

ఫోటో తీసే రోజు పొద్దున మేత వేయొద్దు. మేత తిన్న చేప పొట్ట ఉబ్బుతుంది, కింద మలం తీగలా వేలాడుతుంది. ఆకలి మీదున్న చేప ముందు అద్దం దగ్గరికి తనే వస్తుంది కూడా.

చిన్న ఫోటో ట్యాంకు

పెద్ద ట్యాంకులో ఏంజెల్నో ఆస్కార్‌నో తీయొచ్చు. గప్పీ, ఫైటర్ లాంటి చిన్నవాటికి విడిగా ఒక చిన్న ట్యాంకు కట్టించుకుంటే పని ఎంతో హాయి. 30 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. లోతు, 20 సెం.మీ. ఎత్తు చాలు. పైన రెండు సెం.మీ. వదిలి నింపితే అయిదున్నర లీటర్ల దాకా నీళ్లు పడతాయి. దాని ముందు పలక మాత్రం ఎక్స్‌ట్రా క్లియర్ గాజుతో వేయించండి. మామూలు గాజులో ఇనుము పాలు ఎక్కువ, అందుకే ఓ పచ్చటి ఛాయ వస్తుంది. ట్యాంకు లోపల సరిపోయేలా ఇంకో గాజు పలక కోయించుకుని వెనక నుంచి నిలబెడితే చేప ముందు అద్దానికి అయిదారు సెం.మీ. దూరంలోనే తిరుగుతుంది. ఫోకస్ వెతుక్కునే బాధ తప్పుతుంది.

ఇందులో పోసేవి కొత్త నీళ్లు కాకూడదు, చేప ఉన్న ట్యాంకు నీళ్లే పోయాలి. వేడీ మారదు, నీటి గుణమూ మారదు. నీళ్లలో నలకలు కనిపిస్తే పలచటి నూలు గుడ్డలో వడకట్టి పోయండి. వలతో పట్టకుండా గ్లాసుతో ముంచి తెస్తే తోక చిరగదు, పొలుసు రాలదు. చేపను ఇందులో అరగంటకు మించి ఉంచొద్దు. మే నెలలో మన విశాఖ ఉక్కపోతకి ఇంత చిన్న ట్యాంకు నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. చేప పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటే ఆ రోజుకి చాలించండి. ఫైటర్లు ఎగురుతాయి, గాజు మూత ఉండాల్సిందే.

ఫ్లాష్ ఎక్కడ, ఎలా

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఫోటో బాగా రావడమూ రాకపోవడమూ ఇక్కడే తేలిపోతుంది.

ట్యాంకు లైటు హుడ్‌ని వెనక్కి జరిపి ముందు భాగం ఖాళీ చేయండి. మూత గాజు పలక పరిచి, దాని మీద ట్రేసింగ్ పేపరు ఒక పొర వేయండి. ఫ్లాష్‌ని లైట్ స్టాండుకో గట్టి ట్రైపాడ్‌కో బిగించి, తల కిందికి ఉండేలా, పలకకి 20 నుంచి 25 సెం.మీ. ఎత్తున పెట్టండి. స్టాండుకి ఒక తాడు కూడా కట్టండి. ఫ్లాష్ లోపల కెపాసిటర్‌లో వందల వోల్టుల కరెంటు నిలవ ఉంటుంది, స్విచ్ ఆపినా వెంటనే పోదు. నీళ్లలో పడితే చెయ్యి పెట్టి తీయకండి, మళ్లీ వాడకండి.

ఫ్లాష్ సరిగ్గా చేప నడినెత్తి మీద ఉంటే వీపు మెరుస్తుంది, మీ వైపున్న పక్క చీకటిగా ఉంటుంది. అందుకే ఫ్లాష్‌ని ముందు అద్దం అంచు మీదికి తెచ్చి, మొహం కొద్దిగా ట్యాంకు లోపలి వైపు వాల్చండి. 15, 20 డిగ్రీలు చాలు.

ఇంకా ఎక్కువ వాలిస్తే పొట్ట కూడా వెలుగుతుంది కదా అనిపిస్తుంది. వెలగదు. గాలిలోంచి నీళ్లలోకి దిగే వెలుగు వంగిపోతుంది. పైన ఎంత ఏటవాలుగా వేసినా, నిశ్చలమైన నీళ్లలో అది నిలువు గీతకి 48 డిగ్రీల చిల్లర కంటే ఎక్కువ వాలదు. కాబట్టి పైనున్న ఒక్క ఫ్లాష్‌తో పొట్ట కింద నీడ తప్పదు. దానికి విరుగుడు కిందనే ఉంది. ట్యాంకు అడుగున, ఫ్రేములోకి రాకుండా, తెల్ల యాక్రిలిక్ ముక్కో తెల్ల ఇసుకో పరవండి. పైనుంచి వచ్చిన వెలుగు దాని మీద పడి పొట్ట మీదికి లేస్తుంది. ఫోటో ట్యాంకయితే అడుగు గాజు కింద బయటే థర్మాకోల్ పెట్టినా సరిపోతుంది. నల్ల కంకర వేసిన ట్యాంకులో తీసిన చేపలన్నీ కింది సగం నల్లగా రావడానికి కారణం ఇదే.

రెండో ఫ్లాష్ ఉంటే పక్క అద్దంలోంచి వేయండి. లెన్స్ చూసే దారికీ దీనికీ మధ్య 90 డిగ్రీలు ఉంటుంది, ముందు అద్దం మీద ప్రతిబింబం అంటూ ఉండదు. పవర్ మాత్రం పై ఫ్లాష్‌లో నాలుగో వంతు పెట్టండి, అంతకు మించితే చేపకి రెండు వైపులా మెరుపు గీతలు పడి బల్లపరుపుగా కనిపిస్తుంది. పక్కన చోటు లేక ముందు అద్దంలోంచే వేయాల్సి వస్తే కెమెరాకి బాగా ఎడంగా, అద్దానికి 45 డిగ్రీల ఏటవాలులో పెట్టండి.

వెనక అద్దాన్ని మర్చిపోవద్దు, అదీ అద్దమే. దాని బయట నల్ల చార్టు అతికిస్తే చాలామటుకు సరిపోతుంది. అతికించిన చార్టు మీదా వెలుగు పడి బూడిద రంగులో వస్తుంటే, దాన్ని అద్దానికి ఓ 30 సెం.మీ. వెనక్కి జరపండి. నీలం, ముదురు పచ్చ చార్టులు కూడా బాగుంటాయి. ఎర్ర గోల్డ్ ఫిష్‌కి వెనక ముదురు పచ్చ పెట్టి చూడండి.

కెమెరా అంకెలు

మోడ్ మాన్యువల్. షట్టర్ 1/160. ఎపర్చర్ (లెన్స్ కన్నం) ఎఫ్/11. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా చూపే చురుకు) 200. ఫ్లాష్ పవర్ 1/8, ఫ్లాష్ తల జూమ్ 35. ఫోటో ఫైలు రా (RAW) ఫార్మాట్. వైట్ బ్యాలెన్స్ ఫ్లాష్ గుర్తు మీద, లేదా 5500 కెల్విన్.

మొదటి ఫోటో ఫ్లాష్ ఆపి తీయండి. దాదాపు నల్లగా రావాలి. ఏదైనా కనిపిస్తోందంటే గది వెలుగు కూడా ఫోటోలోకి వస్తోందన్న మాట. అలాగే వదిలేసి ఫ్లాష్ కలిపితే చేప ఒకసారి పదునుగా, దాని పక్కనే పొగలా ఇంకోసారి పడుతుంది. మన ఊళ్లో తూర్పు కిటికీలోంచి పొద్దున వచ్చే వెలుతురు చాలా ఎక్కువ. తెరలు వేసుకోండి, లేదా పొద్దుగూకాక మొదలుపెట్టండి. ట్యాంకు లైటు వెలుగుతూ ఉన్నా ఈ అంకెల దగ్గర అది లెక్కలోకి రాదు, పైగా ఫోకస్‌కి పనికొస్తుంది. ఉండనివ్వండి.

ఇప్పుడు ఫ్లాష్‌తో తీయండి. వెలుగు తక్కువైతే 1/8 నుంచి 1/4కి పెంచండి, రెట్టింపవుతుంది. ఎక్కువైతే 1/16. ఫ్లాష్ ఎత్తు మార్చినా వెలుగు మారుతుంది. 20 సెం.మీ. నుంచి 28కి జరిపితే పలక మీద పడే వెలుగు దాదాపు సగం, 40కి జరిపితే నాలుగో వంతు. అందుకే ఎత్తు ఒకసారి కుదిరాక దాన్ని కదపకండి, పవర్‌తోనే సర్దుకోండి.

ఫ్లాష్ ఫుల్ పవర్ మీద మాత్రం పెట్టొద్దు. ఫుల్ పవర్‌లో వెలుగు సెకనులో కొన్ని వందల వంతు దాకా సాగుతుంది, ఆ లోపు టైగర్ బార్బ్ తోక ఆడిస్తుంది. 1/8కీ కిందికీ వస్తే వెలుగు సెకనులో కొన్ని వేల వంతులోనే ముగిసిపోతుంది. చేపని ఆపేది షట్టర్ కాదు, ఈ పొట్టి మెరుపే. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ 400 చేయండి, నేటి కెమెరాల్లో దానికి భయపడక్కర్లేదు. షట్టర్‌ని 1/500కో 1/1000కో పెంచాలన్న ఆశ వదులుకోండి. చాలా కెమెరాలు ఫ్లాష్‌తో 1/200 లేదా 1/250 దాకానే కలుస్తాయి, దాటితే ఫోటోలో ఒక అంచున నల్ల పట్టీ వస్తుంది. హైస్పీడ్ సింక్ ఆన్ చేస్తే పట్టీ పోతుంది గానీ వెలుగు బాగా పడిపోతుంది, ఆ పొట్టి మెరుపు లాభమూ పోతుంది. ఈ పనికి అది వద్దు.

ఎఫ్/16 దాటి మూసినా లాభం లేదు. డిఫ్రాక్షన్ వల్ల, అంటే మరీ సన్నటి కన్నంలోంచి వెలుగు చెదరడం వల్ల, ఫోటో మొత్తం మెత్తబడుతుంది.

నీళ్లకి డ్రిఫ్ట్‌వుడ్ (ట్యాంకులో అలంకారంగా పెట్టే కొయ్య) టీ రంగు పట్టి ఉంటే 5500 సరిపోదు. ఒక తెల్ల ప్లాస్టిక్ స్పూనుని చేప తిరిగే చోట ముంచి ఒక ఫోటో తీసుకోండి. ఎడిటింగ్‌లో ఆ స్పూను తెల్లగా కనిపించేదాకా వైట్ బ్యాలెన్స్ సర్ది, అదే అంకె మిగతా ఫోటోలకీ వేయండి.

ఫోకస్

ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి వెంటనే మూత తీయకండి. మన ఊరి తేమకి లెన్స్ మీద వెంటనే మంచు పడుతుంది. సంచిలోనే ఉంచి అరగంట ఆగండి. ట్యాంకు మీది గాజు పలక అడుగున కూడా నీటి చుక్కలు చేరుతుంటాయి, వాటి వల్ల చేప ఒంటి మీద వెలుగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. మధ్యమధ్యలో తుడుస్తూ ఉండండి.

ఫిల్టరూ గాలి బుడగల మోటారూ ఆపండి. నీటి మీద అల ఉంటే ఫ్లాష్ వెలుగు అడుగున వల అల్లినట్టు గీతలు గీస్తుంది. పది నిమిషాలకి నలుసులు కిందికి దిగుతాయి. ఫిల్టర్ అరగంటకి మించి ఆగకూడదు, లోపలి మంచి బ్యాక్టీరియాకి ప్రాణవాయువు అందదు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

లెన్స్ అద్దానికి సూటిగా ఉండాలి, ఎటూ వాలకూడదు. వాలితే గాజులో, నీళ్లలో ఒక్కో రంగు ఒక్కోలా వంగి, చేప అంచుల్లో ఊదా, పచ్చ గీతలు కనిపిస్తాయి, పదును పోతుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఇంతే. చేప మూలకి పోతే కెమెరా మొత్తాన్నీ పక్కకి జరపండి, మెడ తిప్పినట్టు తిప్పకండి. రబ్బరు హుడ్‌ని అద్దానికి ఆనించి తీయగలిగితే గది ప్రతిబింబాల బాధ ఉండదు. ఆనించే వీలు లేనంత దూరంగా ఉంటే కెమెరా ముందు నల్ల గుడ్డ పట్టుకుని, లెన్స్ పట్టేంత కన్నం పెట్టండి. తెల్ల చొక్కా వేసుకుని మాత్రం రాకండి.

ఫోకస్ కంటి మీద. గప్పీని ఫ్రేము నిండా తీస్తే ఎఫ్/11 దగ్గర కూడా స్పష్టంగా ఉండే లోతు కొన్ని మిల్లీమీటర్లే. కన్ను మసకైతే తోక ఎంత బాగా వచ్చినా ఆ ఫోటో పనికిరాదు. ఆటోఫోకస్ అద్దం మీది నలకని పట్టుకుని ఊగిసలాడుతుంటే మాన్యువల్‌కి మార్చేయండి. అద్దానికి అయిదు సెం.మీ. లోపల ఒక ఆకుమీదో రాయిమీదో ఫోకస్ పెట్టి వదిలేసి, చేప ఆ వరసలోకి వచ్చి అద్దానికి సమాంతరంగా తిరిగినప్పుడు నొక్కండి. రెక్కలు విచ్చుకునేది చేప మలుపు తిరిగేటప్పుడే. ఆ క్షణం కోసం ఆగాలి. గడగడా నొక్కితే ఫ్లాష్ సిద్ధమయ్యేలోపు సగం ఫోటోలు నల్లగా పోతాయి.

ఒక్కో చేపది ఒక్కో తీరు

ఏంజెల్, సిల్వర్ డాలర్ లాంటి వెండి చేపల పొలుసుల కింద గ్వానిన్ పలకలు ఉంటాయి, అవి చిన్న చిన్న అద్దాలే. చేప ఒక్క రవ్వ తిరిగితే ఒళ్లంతా తెల్లగా కాలిపోతుంది. పవర్ ఒక మెట్టు (1/8 ఉంటే 1/16కి) తగ్గించండి, ట్రేసింగ్ పేపరు రెండు పొరలు వేయండి, వెలుగు వచ్చే మేర ఎంత వెడల్పైతే అంత మంచిది.

నల్ల మోలీకి దీనికి పూర్తిగా వ్యతిరేకం. పవర్ ఒక మెట్టు పెంచినా చేప నల్ల ముద్దలాగే ఉంటుంది, ఎందుకంటే నల్ల ఒంటిని చూపించేది వెలుగు పరిమాణం కాదు, అంచున పడే మెరుపు. పక్క ఫ్లాష్ ఇక్కడ అక్కరకొస్తుంది. వెనక చార్టు నల్లది తీసేసి నీలం పెట్టండి.

నియాన్ టెట్రా నీలి గీత రంగు పూసింది కాదు, ఒంటిలోని సన్నటి పలకల మీద వెలుగు తిరగడం వల్ల వచ్చేది. వెలుగు పడే కోణం మారితే ఆ గీత నీలం నుంచి పచ్చ వైపుకి జరుగుతుంది. ఫ్లాష్‌ని ముందు అంచు నుంచి నాలుగు వేళ్లు వెనక్కీ ముందుకీ జరుపుతూ తీసి చూడండి, ఎక్కడ నీలం బాగా పలికితే అక్కడ ఆపండి. రాత్రంతా చీకట్లో ఉన్న టెట్రాల రంగు వెలిసి ఉంటుంది. లైటు వేశాక కనీసం అరగంట ఆగి మొదలుపెట్టండి. డిస్కస్ కూడా అంతే, బెదిరితే పాలిపోతుంది.

గప్పీ, ఫైటర్ తోకలు పలచటి పొరలు. వాటికి వెనకనుంచి వెలుగు కావాలి. పై ఫ్లాష్‌ని ఈసారి ముందు అంచుకి కాకుండా చేప వెనక్కి జరిపి, ముందు వైపు థర్మాకోల్‌తో కొంత వెలుగు తిప్పండి. తోకలోని ఒక్కో ఈనె విడివిడిగా వెలుగుతుంది. ఫైటర్ రెక్కలు విప్పాలంటే పక్కన ముఖం చూసుకునే చిన్న అద్దం చూపించండి, రెండు మూడు నిమిషాలు మాత్రమే. ఆ తర్వాత తీసేయండి, పోట్లాడటానికి ఎదుటివాడు లేక అది ఉత్తపుణ్యానికి అలిసిపోతుంది.

ఎర్ర గోల్డ్ ఫిష్, బ్లడ్ ప్యారట్ తీసేటప్పుడు మామూలు హిస్టోగ్రామ్‌ని (ఫోటోలో వెలుగు ఎంత పడిందో కెమెరా చూపే గ్రాఫు) నమ్మకండి. మూడు రంగుల హిస్టోగ్రామ్‌లో ఎరుపు ఒక్కటే కుడి గోడకి తగిలి ఉంటుంది. అలా తగిలితే పొలుసుల గీతలు పోయి ఒంటికి ఎర్ర రంగు మెత్తినట్టు వస్తుంది. ఎరుపు గోడ దిగేదాకా పవర్ తగ్గించండి.

ఫోన్ ఒక్కటే ఉంటే

ఫోన్ మామూలుగా బయటి ఫ్లాష్‌తో కలవదు. కాబట్టి ఆగకుండా వెలిగే లైటే దిక్కు, అది ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. 20 నుంచి 30 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటుని గట్టిగా బిగించి ట్యాంకు పైన పెట్టండి. హాలోజన్ వద్దు, నీళ్లు వేడెక్కుతాయి. కరెంటు వైరు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి ఉండాలి, అప్పుడు వైరు వెంబడి జారే నీటి చుక్క ప్లగ్గులోకి పోకుండా వంపు దగ్గరే రాలిపోతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీలు దాంతో సెకనుకి వందసార్లు మినుకుతాయి, కంటికి తెలియదు. ఫోన్ ప్రో మోడ్‌లో 1/250 పెడితే ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. అప్పుడు 1/100కి దిగాలి, అంటే నెమ్మదిగా కదిలే చేపల్నే తీయగలరు. పవర్ బ్యాంకుతో వెలిగే లైట్లు చాలావరకు ఈ బాధ పెట్టవు, వాటితో 1/250 ప్రయత్నించండి. డిమ్మర్ ఉన్న లైటయితే ఫుల్లులో పెట్టండి, తగ్గిస్తే మినుకు మొదలవుతుంది. ఐఎస్ఓ 400 దాటనివ్వకండి, పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోకండి, అది రెక్కల అంచులు తినేస్తుంది. 2ఎక్స్ లెన్స్ ఉంటే అదే వాడండి. నల్ల చార్టుకి ఫోన్ లెన్స్ అంత కన్నం చేసి, ఫోన్‌కి టేపుతో అంటించుకుంటే ప్రతిబింబాలు ఉండవు.

ఆర్కే బీచ్ మత్స్యదర్శిని అక్వేరియం లాంటి చోట పెద్ద ట్యాంకుల దగ్గరా ఇదే పద్ధతి. అక్కడ ఫ్లాష్ కొట్టొద్దు. కెమెరా అయితే ఎఫ్/2.8, 1/125, ఐఎస్ఓ 1600 నుంచి 3200 మధ్య మొదలుపెట్టి, హుడ్‌ని అద్దానికి ఆనించి తీయండి.

చేప ఇబ్బంది పడకుండా

చేపకి కనురెప్పలు లేవు. చీకటి గదిలో నిద్రలో ఉన్న చేప మీద ఫ్లాష్ కొడితే అది బెదిరి అద్దానికి తల కొట్టుకుంటుంది. మొదలుపెట్టడానికి ముందు గది లైటు, తర్వాత ట్యాంకు లైటు వేసి ఉంచండి. మొదటి నాలుగైదు మెరుపులు 1/64 మీద కొట్టి అలవాటు చేయండి. చాలా చేపలు పట్టించుకోవు. రెక్కలు ఒంటికి బిగించుకున్నా, మొప్పలు దడదడా కొట్టుకున్నా, మూలకి పోయి నక్కినా ఆపేయాలి. కొత్తగా కొనితెచ్చిన చేపని, గుడ్లకి కాపలా కాస్తున్న చేపని తీయకండి.

పని అయ్యాక చేపని గ్లాసుతోనే పాత ట్యాంకులోకి వదిలి, ఫిల్టరూ గాలి మోటారూ వేసి, నీళ్లు తిరుగుతున్నాయో లేదో చెయ్యి పెట్టకుండా కంటితో చూసి నిర్ధారించుకోండి. పొద్దున ఆపిన మేత ఓ గంట తర్వాత వేయండి.